మామగారి మంట, అల్లుడి లెక్క

మంటలాయన తన వదినగారిని కలిసిన మొదటి రోజునే ఆమె చేత చీవాట్లు తిన్నాడు. ఆమె అప్పటికి ఆ ఇంటికి కొత్త కోడలు. బడిలో ఉద్యోగం కూడా కొత్తదే. అత్తగారు మార్కెట్టుకు వెళుతూ స్టౌ మీద పాలు పెట్టి, చూస్తూ ఉండమని చిన్నకొడుకుకు పురమాయించింది. అతడు స్టౌ ముందు పీట వేసుకుని కూర్చున్న మాట నిజమే గాని, చూపంతా ఒళ్ళోని కాగితం మీదే ఉంది. వదినగారు వంటింటి గడపలో కాలు పెట్టగానే లేచి నిలబడి, పలకరింపుకు బదులుగా మంట అంటే ఏమిటో వివరించడం మొదలుపెట్టాడు. హైడ్రోజన్ మంట కంటికి ఇంచుమించు కనిపించదనీ, కార్బన్ మోనాక్సైడ్ మంట మాత్రం నీలంగా, అంచున కాస్త ఊదాగా ఉంటుందనీ, ఆ రెండు వాయువులూ కలిసి మండితే మంట ఎంత వేగంగా సాగుతుందో లెక్కగట్టడమే తాను చేయబోయే ఉద్యోగమనీ అతడు చెబుతూ ఉండగానే, వెనుక పాలు పొంగి స్టౌ ఆరిపోయింది. గదంతా మాడువాసన.

“ఏమయ్యా, మంట గురించి ఇంత చెప్పావే, ఒక్కసారి దానివైపు చూడకూడదూ?” అన్నది ఆమె.

అతడు తల గోక్కుని, “చూస్తే లెక్క తప్పుతుంది వదినా,” అన్నాడు.

అత్తగారు తిరిగి వచ్చేసరికి వదినా మరుదులిద్దరూ స్టౌను తుడుస్తూ నవ్వుకుంటున్నారు. మంటలాయన అనే పేరు ఆమె ఆ పూటే పెట్టింది. క్రమంగా ఇంట్లోవాళ్ళూ, ఇరుగుపొరుగువారూ, చివరకు అతడు పనిచేసే చోట కాపలా మనిషి కూడా ఆ పేరుతోనే పిలవసాగారు. ఆమెకు మాత్రం ఊరంతటికీ ఒకటే పేరు: టీచరమ్మ. సగం తప్పిన జవాబుకు సగం మార్కు వేసే అలవాటు ఆమెకు లేదు. తప్పు కనిపిస్తే దాని పక్కన ఎర్రసిరాతో గీత పడవలసిందే. అది పెద్దాఫీసరు కొడుకు రాసినదైనా సరే, స్వయంగా తన భర్త రాసిన ఉత్తరమైనా సరే. పెళ్ళయిన కొత్తలో ఆయన రాసిన ఉత్తరాలను ఆమె దిద్ది తిరిగి పంపిందని మంటలాయన పదిమందిలో చెప్పి నవ్వించేవాడు. ఆమె ఆ మాటను ఏనాడూ ఖండించలేదు.

మంటలాయన చేరిన పరిశోధనశాలకు పెద్దాయన అధిపతి. మందపాటి ఉక్కు పాత్రలో, గాలి ఒత్తిడిని ఎంతో పెంచి, లోపల సన్నని బర్నరు మీద మంట నిలబెట్టి, దళసరి అద్దపు కిటికీలోంచి దాని వేగం కొలవడం ఆయన పని. కార్బన్ మోనాక్సైడ్ లాంటి విషవాయువుతో, అంత ఒత్తిడిలో అంత ఓపికగా పనిచేసేవారు అరుదు. ఆయన కొలిచేవాడు, శిష్యుడు లెక్కగట్టేవాడు. లెక్కగట్టేవారు కొలిచే గదిలో అడుగుపెట్టకూడదని ఆయన ఒక నియమం పెట్టాడు. కంటితో చూసినది మనసులో పడితే లెక్క దానివైపు వంగుతుందని ఆయన భయం. నలుపు తెలుపు కెమెరా తీసిన బొమ్మలూ, వాటిలోంచి తీసిన అంకెలూ మాత్రమే శిష్యుడి బల్ల మీదికి చేరేవి. మంటవైపు చూడని వాడికి ఇంతకన్నా అనువైన కొలువు ఎక్కడ దొరుకుతుందని టీచరమ్మ వేళాకోళం చేసింది.

కొంతకాలానికి పెద్దాయన తన ఒక్కగానొక్క కూతురిని శిష్యుడికిచ్చి పెళ్ళి చేసి, తన ఇంటి మేడమీది వాటాలో కాపురం పెట్టించాడు. ఆ ఇంటికి టీచరమ్మ వెళ్ళిన ప్రతిసారీ ఆమె కంటికి ఒక సంగతి తట్టేది. మేడమెట్లు హాల్లోంచే మొదలవుతాయి. ఆ మెట్ల మొదట్లోనే పెద్దాయన వాలుకుర్చీ. అల్లుడు పైకి వెళ్ళాలన్నా, కిందికి దిగాలన్నా ఆయన మోకాళ్ళను దాటుకునే పోవాలి. పరిశోధనశాలలోనూ అదే వరస. అల్లుడి గది లోపలిది, కిటికీ లేనిది. దానికి దారి మామగారి గదిలోంచే.

“నువ్వు తుమ్మాలన్నా మామగారి అనుమతి కావాలేమో!” అన్నది ఆమె ఒకనాడు.

“తుమ్మకముందే రుమాలు అందిస్తారు వదినా,” అన్నాడు మంటలాయన. “అదే వచ్చిన చిక్కు.”

నిజానికి పెద్దాయన మంచివాడు. అల్లుడికి కాస్త జలుబు చేస్తే తానే మందులషాపుకు వెళ్ళేవాడు. ఎవరి ఎదుటనైనా అతణ్ణి తన కుడిభుజమని చెప్పుకునేవాడు. పోట్లాడే మనిషి అయితే ఎదిరించి నిలబడవచ్చు. ప్రేమగా చుట్టేసుకునే మనిషి చేతుల్లోంచి ఊపిరి తీసుకోవడానికి బయటపడటం ఎలాగో మంటలాయనకు చేతకాలేదు.

ఒక ఆదివారం టీచరమ్మ భోజనాల బల్ల మీద పరీక్షపేపర్లు దిద్దుకుంటూ, అసలు నువ్వు లెక్కగట్టేది ఏమిటో నాకర్థమయ్యేలా చెప్పమని నిలదీసింది. అతడు ఆమె ఎర్రకలాలను బల్ల మీద పేర్చి చెప్పాడు. మంటలో ఒంటరి హైడ్రోజన్ పరమాణువు ఒకటి తిరుగుతూ ఉంటుంది. అది ఆక్సిజన్‌కు తగిలినప్పుడు రెండు దారులున్నాయి. ఒక దారిన పోతే ఆక్సిజన్ విడిపోయి, ఒక్క ఆకతాయికి బదులు ఇద్దరు తయారవుతారు, వాళ్ళు మరికొందరిని రెచ్చగొడతారు, మంట పరుగెత్తుతుంది. రెండో దారిలో, సరిగ్గా ఆ తగిలే క్షణాన పక్కనుంచి మూడో అణువు ఒకటి వచ్చి ఢీకొని, వాళ్ళ వేడిని తాను పంచుకుంటుంది. అప్పుడా ఇద్దరూ అతుక్కుపోయి మందకొడిగా తయారవుతారు, మంట నెమ్మదిస్తుంది.

“అంటే, క్లాసులో ఇద్దరు కలబడబోతుంటే మానిటరు వచ్చి అడ్డుపడినట్లు,” అన్నది ఆమె.

“అంతే వదినా. ఆ మానిటరు ఎంత గట్టివాడన్నదే నా అంకె.”

ఆ అంకెను నేరుగా కొలవడం చాలా కష్టం. అందుచేత అతడు మామగారు కొలిచిన మంటల వేగాలకు సరిపోయేదాకా దాన్ని అటూ ఇటూ జరిపి ఒకచోట నిలబెట్టాడు. ఆ పనిని వాళ్ళు ఫిట్ చేయడం అంటారు. అది చోటు మారడంతో దాని పక్కనున్న రసాయనచర్యల అంకెలనూ రవ్వంత జరపవలసి వచ్చింది. ఏదీ హద్దు మీరలేదు. ఏ ఒక్కదాన్నీ ఎవరూ తప్పనలేరు. అన్నీ కలిసి మామగారి కొలతలతో చక్కగా సరిపోయాయి. పెద్దాయన ఆ గీతలను చూసి అల్లుణ్ణి కావలించుకున్నాడట. పరిశోధనపత్రం అచ్చయింది. ఎక్కడెక్కడివారో ఆ అంకెలను తమ కంప్యూటర్లలో ఎక్కించుకుని బర్నర్లు గీయసాగారు. బొగ్గు నుంచి తీసిన వాయువుతో కొలిమి నడిపే గాజు కర్మాగారం ఒకటి, అందరికన్నా ముందే వచ్చి, తమ బర్నరును అతని లెక్క ప్రకారమే చేయించుకున్నది.

కథ ఇంతటితో ఆగి ఉంటే మంటలాయన సుఖపడేవాడే. ఒకనాడు అతడు కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వెళ్ళాడు. ఆ పూట అక్కడికి వచ్చిన టీచరమ్మను, తోవలోనే కదా, ఇచ్చి వెళ్ళమని ఆమె తోడికోడలు, అంటే మంటలాయన భార్య, అడిగింది. టీచరమ్మను చూడగానే పెద్దాయనకు సంబరం కలిగింది. “నీ మరిది ఇన్నేళ్ళుగా లెక్కగట్టే మంటను నువ్వు చూడనేలేదు కదమ్మా,” అంటూ ఆమెను కొలిచే గదిలోకి తీసుకుని వెళ్ళాడు. మంటలాయన కళ్ళజోడు చేత్తో పట్టుకుని, నియమం ప్రకారం గడప ఇవతలే నిలబడిపోయాడు.

దళసరి అద్దం వెనుక చిటికెనవేలంత శంకువు ఒకటి కదలకుండా నిలిచి వెలుగుతోంది. టీచరమ్మ వంగి చూసింది. ఒకసారి విన్న పాఠాన్ని ఆమె మరిచిపోయే మనిషి కాదు.

“నీలంగా ఉంటుందని చెప్పావు కదయ్యా. ఇది నారింజరంగులో ఉందేం?”

పెద్దాయన నవ్వి, ఒత్తిడి ఎక్కువ కాబట్టి తమ మంటది మొదటినుంచీ అదే రంగు అని చెప్పాడు. ఆ గదిలో పనిచేసేవాళ్ళందరూ ఆ రంగుకు అలవాటుపడి, దాన్ని చూడటమే మానేశారు. టీచరమ్మ వెనుదిరిగి చూసేసరికి మంటలాయన నియమం మరిచి గదిలోకి వచ్చేసి ఉన్నాడు. అద్దం ముందు నిలబడి, చేతిలోని కళ్ళజోడు పెట్టుకోవడం కూడా తోచక, ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేనివాడిలా చూస్తున్నాడు.

తరువాతి ఆదివారం అతడు జేబులోంచి రుమాలు తీసి ఆమె ముందు పరిచాడు. బర్నరు మూతిని దానితో తుడిచాడట. తెల్లని గుడ్డ మీద ఎర్రమట్టిలాంటి ధూళి.

“ఇనుము వదినా,” అన్నాడు.

ఉక్కు సిలిండర్లలో ఒత్తిడితో చాలాకాలం నిలవ ఉన్న కార్బన్ మోనాక్సైడ్ ఆ ఉక్కులోని ఇనుమునే కొంచెం కొంచెంగా తినేసి, ఆవిరిగా తనలో కలుపుకుంటుంది. పెద్దాయన పొదుపరి, ఒక్కసారే బోలెడన్ని సిలిండర్లు తెప్పించి పెరట్లో వరసగా నిలబెట్టించేవాడు. ఆ ఇనుము మంటలోకి వెళ్ళి ఒంటరి పరమాణువులను దొరికినవాటిని దొరికినట్లు పట్టి జత కలిపేస్తుంది. మంటకు నారింజరంగు అద్దేదీ అదే, దాని కాళ్ళకు బంధం వేసేదీ అదే. ఇనుమును పట్టి ఉంచే బొగ్గుపొడి నింపిన గొట్టంలోంచి వాయువును పోనిచ్చి, మంటను మళ్ళీ వెలిగించి చూశాడు. మంట నీలంగా మారింది, వేగం పెరిగింది.

“మానిటరు బలవంతుడని నేను లోకమంతా చాటింపు వేశాను వదినా. మానిటరు మామూలువాడే. క్లాసులో ఇంకెవడో నక్కి ఉన్నాడు.”

టీచరమ్మకు తెలిసిన న్యాయం ఒక్కటే: తప్పు కనబడితే దిద్దాలి. మర్నాడే మామగారితో చెప్పమన్నది. అతడు చెప్పాడు కూడా. పెద్దాయన కోప్పడలేదు. రుమాలును చాలాసేపు చూసి, మడతపెట్టి, అల్లుడి చేతికి తిరిగి ఇచ్చాడు. ఆయన జీవితమంతా కొలిచిన కొలతలన్నీ ఆ సిలిండర్లతో కొలిచినవే. చివరకు ఆయన అడిగినది చాలా చిన్నది: తాను అధిపతి కుర్చీలో ఉన్నంతవరకు అల్లుడు తనంతట తాను ఈ మాట ఎత్తకూడదు; ఆ తరువాత అతని ఇష్టం. ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పమని మాత్రం తాను అననని కూడా అన్నాడట. ఎలాగూ ఆయన పదవీకాలం ముగియవస్తున్నదే కదా అనుకుని మంటలాయన మాట ఇచ్చేశాడు.

ఆ పదవీకాలం ముగియలేదు. అంతటివాడిని పంపించి వేయడమేమిటని పైవాళ్ళు గౌరవంగా పొడిగించారు, మళ్ళీ పొడిగించారు. మంటలాయన కిటికీ లేని గదిలో, తప్పని తనకు తెలిసిన అంకెల ఎదుట, నోటికి తాళం వేసుకుని కూర్చున్నాడు. అతణ్ణి కోసినది మరొకటి కూడా ఉంది. అక్కడక్కడ కొందరు శుభ్రమైన వాయువుతో కొలిచి, వేగం ఎక్కువగా వచ్చిందని గమనించారు. కాని ఇంత పేరున్న లెక్కతో సరిపోలేదు గనుక తమ కొలతే తప్పని వాళ్ళే తీర్మానించుకుని దాన్ని పక్కన పడేశారు. పొరపాటు ఎక్కడ జరిగి ఉంటుందో చెప్పమని అతనికే వినయంగా రాసేవాళ్ళు. మీ అంకె సరైనదేనా అని, అడగవలసిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు.

ఆదివారాలు అతడు అన్నగారింటికి వచ్చి, వీధి తలుపు దగ్గరి ముక్కాలిపీట మీదే కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే, “మీ ఇంటి తలుపు నేరుగా వీధిలోకి తెరుచుకుంటుంది వదినా. ఇక్కడే బాగుంది,” అనేవాడు. వచ్చేపోయేవాళ్ళను చూస్తూ, టీచరమ్మ ఇచ్చిన టీ చల్లారబెట్టుకుని తాగి, చీకటి పడకముందే లేచేవాడు. మామగారి పరువు భార్య పుట్టింటి పరువే కనుక ఆమెకు చెప్పలేదు. తోడికోడలు టీచరమ్మను దెప్పకుండా ఊరుకోలేదు: “అక్కయ్యా, మీ మరిదికి మా ఇంట్లో నోరు పెగలదు. మీ గుమ్మంలో కూర్చుంటే మాత్రం అనర్గళమట.” టీచరమ్మ కూర బాగున్నదని ఏదో అనేసి ఊరుకున్నది. ముక్కుసూటి మనిషి అని పేరుపడిన తాను ఇలా నీళ్ళు నమలవలసి వచ్చినందుకు ఇల్లు చేరేదాకా తనను తానే తిట్టుకున్నది. తెలియకుండా ఆమె కూడా ఆ లోపలి గదిలో చిక్కుకున్నది.

గాజు కర్మాగారం సంగతి అన్నిటికీ మించి అతణ్ణి తొలిచేది. మొదటిసారి బర్నరు గీసినప్పుడు అసలు నిజం అతనికి తెలియదు. అయినా స్వభావం కొద్దీ రంధ్రాలను కావలసినదానికన్నా సన్నగా పెట్టించాడు. వాయువు బయటికి దూసుకువచ్చే వేగం మంట వేగం కన్నా ఎక్కువగా ఉన్నంతసేపూ మంట బయటే నిలుస్తుంది. తగ్గిందా, మంట వెనక్కి నడిచి గొట్టంలో దూరుతుంది. ఆ సన్నదనమే ఇన్నాళ్ళూ వాళ్ళను కాపాడింది. ఇప్పుడు అక్కడ కొత్తగా చేరిన ఇంజినీరమ్మ, రంధ్రాలు వెడల్పు చేస్తే కొలిమి ఇంకా బాగా నడుస్తుందని కొత్త బర్నరు గీసుకుని, మంటలాయన లెక్కనే అచ్చువేయించి వెంట తెచ్చుకున్నది. అంత వెడల్పు వద్దని అతడు చెప్పాడు. ఎందుకని ఆమె అడగలేదు. అతని కాగితాన్నే అతని ముందు పెట్టింది.

“మీ లెక్క ప్రకారం ఇది క్షేమమే కదండీ. మీ లెక్కను మీరే నమ్మకపోతే ఎలా సార్?”

అతడు జాగ్రత్త మంచిదని ఏదో గొణిగాడు. వయసుతో వచ్చిన చాదస్తం కాబోలునని ఆమె మర్యాదగా నవ్వి ఊరుకున్నది. కొలిమిలోకి చూసే రంధ్రం దగ్గర ఒక మనిషి రోజంతా నిలబడి ఉంటాడనీ, బర్నరు అతని మోచేతికి అందేంత దూరంలోనే ఉంటుందనీ మంటలాయనకు తెలుసు. మొదటి బర్నరు బిగించిన రోజున ఆ మనిషి తనకు అగ్గిపెట్టె అందించాడు. మంటలాయన వెళ్ళి మామగారి కాళ్ళావేళ్ళా పడ్డాడు. పెద్దాయన చూద్దామన్నాడు, వాళ్ళ పెద్దలతో తానే మాట్లాడతానన్నాడు, మీనమేషాలు లెక్కించాడు. కొత్త బర్నరుకు ఆమోదముద్ర వేసే ముందు ఇంజినీరమ్మ, ఆమె పైవాళ్ళు, ఒకసారి మంటను కళ్ళారా చూసి వెళ్ళడానికి వస్తామని కబురు చేశారు.

వాళ్ళు వచ్చే ముందురోజు మధ్యాహ్నం మంటలాయన వదినగారి గుమ్మంలో కూర్చుని టీ ముట్టుకోలేదు.

“రేపు మీరు అక్కడికి రావాలి వదినా. ఆనాడు అడిగినదే మళ్ళీ అడగాలి. అందరి ఎదుటా.”

“నీకు నోరు లేదా?”

“మాట ఇచ్చాను.”

“ఇవ్వకూడని మాట ఇచ్చావు.”

“ఇచ్చేశాను కదా. నా అంతట నేను చెప్పను. అడిగితే మాత్రం దాచను.”

టీచరమ్మకు ఒళ్ళు మండింది. “ఇది పిరికివాడి ఉపాయమయ్యా,” అన్నది.

“అవును వదినా. ధైర్యవంతుడి ఉపాయం నాకు తట్టేదాకా ఆ కొలిమి దగ్గరి మనిషికి వ్యవధి ఉండదు.”

ఆమె వెళ్ళింది. బడికి వెళ్ళేటప్పుడు కట్టుకునే గంజిచీరే కట్టుకుని, ఆడిటింగుకు వచ్చినట్లు నిలబడింది. పెద్దాయన అతిథులకు ఆ శంకువును చూపిస్తూ తన కొలతల చరిత్ర చెబుతున్నాడు. మంటలాయన గడప ఇవతలే ఉన్నాడు. టీచరమ్మ గొంతు సవరించుకుని, కార్బన్ మోనాక్సైడ్ మంట నీలంగా కదా ఉండాలి, ఇది నారింజరంగులో ఎందుకున్నదని అడిగింది. పెద్దాయన ఆమెవైపు తిరిగాడు. ఒత్తిడి ఎక్కువ కావడం వల్లనని చెప్పబోయి, మాట మధ్యలో ఆపేశాడు. అంతలో ఇంజినీరమ్మ గడపవైపు చూసి, “నీలంగా ఉండాలా సార్?” అన్నది.

“ఉండాలి,” అన్నాడు మంటలాయన. “ఈ వాయువులో ఇనుముంది. నా అంకె తప్పు.”

తరువాత అతడు చెప్పినదంతా నిదానంగా, వరసగా, తెరిచిన పుస్తకంలా చెప్పాడు. సిలిండర్ల తప్పును కూడా, కొలిచినవాడిని వదిలేసి, మంట రంగు చూడకుండా లెక్కగట్టిన తన మీదే వేసుకున్నాడు. ఇంజినీరమ్మ తన పటాన్ని చుట్టచుట్టి సంచిలో పెట్టుకున్నది. ఆ బర్నరు తయారు కాలేదు. పెద్దాయన వాల్వు తిప్పి మంటను ఆర్పి, తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. మంటలాయన గది దానికి లోపలిది కావడం వల్ల, అతని సంచీ, గొడుగూ ఆ రోజంతా అక్కడే చిక్కుబడిపోయాయి. తలుపు తట్టడానికి అతనికి చేయి రాలేదు. వానలో తడుస్తూ వదినగారితో పాటు నడిచి వెళ్ళాడు.

ఇక అతనికి విడుదలే అనుకున్నది టీచరమ్మ. పెద్దాయన కొద్దికాలానికే పదవి వదులుకున్నాడు. అల్లుడితో తగవు పడలేదు. వెళ్ళిపొమ్మని అననూ లేదు. ఒక సాయంత్రం మెట్ల దగ్గర ఆపి, “చెప్పావు కదా. ఇక సరిచెయ్యి,” అని మాత్రం అన్నాడు. సరిచేయడం ఒక అంకెను మార్చడంతో తీరే పని కాదు. దాన్ని కదిపితే దాన్ని ఆనుకుని నిలబడిన అంకెలన్నీ ఒరిగిపోయాయి. ఒకదాన్ని నిలబెడితే ఇంకొకటి పడేది. మంటలాయన తలలోని నల్లవెంట్రుకలన్నీ ఆ గదిలోనే తెల్లబడ్డాయి. బయటి గది ఖాళీగానే ఉంది, దానికి పెద్ద కిటికీ కూడా ఉంది, అందులోకి మారవయ్యా అని టీచరమ్మ పోరింది. మారతాను వదినా అంటూనే లోపలి గదిలోనే ఉండిపోయాడు.

ఇంతలో పెద్దాయనకు మతిమరుపు వచ్చింది. ముందు పేర్లు పోయాయి, తరువాత ఏళ్ళు పోయాయి. అందరి ఎదుటా అంకె తప్పని తేలిన ఆ రోజు కూడా వాటితోపాటే తుడిచిపెట్టుకుపోయింది. సాయంత్రం అల్లుడు ఇంటికి రాగానే వాలుకుర్చీలోంచి మోకాళ్ళు అడ్డంపెట్టి, “మన అంకె నిలిచిందా?” అని అడిగేవాడు. మొదటి సాయంత్రం మంటలాయన ఉన్నదున్నట్లు చెప్పాడు. పెద్దాయన ఆ మాటను అప్పుడే మొదటిసారి విన్నట్లు విని, చేతుల్లో ముఖం దాచుకున్నాడు. మర్నాడు మళ్ళీ అడిగాడు. మళ్ళీ నిజమే చెబితే మళ్ళీ అదే దెబ్బ తిన్నాడు. ఆ మరుసటి సాయంత్రం అల్లుడు, “నిలిచింది మామయ్యా,” అన్నాడు. ముసలాయన తృప్తిగా మోకాళ్ళు పక్కకు తీసి దారి ఇచ్చాడు.

“రోజూ ఒక అబద్ధం ఆడితే గాని ఆ మెట్లెక్కలేను వదినా,” అన్నాడు గుమ్మంలో కూర్చుని.

ఆడకు అనబోయింది టీచరమ్మ. ఏళ్ళ తరబడి ఒక నిజం కోసం ఉక్కిరిబిక్కిరైన మనిషి ఇంట్లో రోజూ అబద్ధమాడటం ఆమెకు నచ్చలేదు. ఆ మాట కఠినంగానే అన్నది. “మీరైతే ఏం చేస్తారు?” అని అతడు అడిగితే మాత్రం ఆమె లేచి టీకప్పు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. కొళాయి తిప్పి, కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది.

కొత్త అంకెలు అచ్చయిన ఏడాదిలోనే మంటలాయనకు గుండెజబ్బు పైకి తేలింది. ఆపరేషను తప్పదన్నారు. మంటలకు సంబంధించినవారందరూ ఇప్పుడు ఆ కొత్త అంకెలనే వాడుతున్నారనీ, నీలిరంగు మంటలతో కొలిచినవన్నీ వాటితో కలుస్తున్నాయనీ ఇంజినీరమ్మ ఆసుపత్రికి వచ్చి చెప్పి వెళ్ళింది. అతడు సంతోషించాడు గాని, మనసు అక్కడ లేదు. తోడికోడలు ఆసుపత్రిలోనే ఉండాలి కనుక ముసలాయన దగ్గర టీచరమ్మ ఉండేట్లు ఏర్పాటైంది. ఆమె బట్టల సంచీ మంచం పక్కనే ఉంది. ఆ గది కిటికీ అవతలి కట్టడపు గోడకే తెరుచుకుంటుంది. మంచం చుట్టూ తెర. భార్య మందుల కోసం బయటికి వెళ్ళిన కాసేపట్లో మంటలాయన చేయి చాచి వదినగారి సంచీ పిడి పట్టుకున్నాడు. ఆపరేషను తరువాత అతనికి మళ్ళీ తెలివి రాలేదు కనుక, అతడు ఆమెను కోరిన కోరికల్లో ఆఖరిది అదే అయింది.

“సాయంత్రం నేను రాలేదని ఆయన కంగారుపడతారు వదినా. ఎవరు ఎదురుపడితే వాళ్ళను అడుగుతారు. మీ ఎర్రకలం ఆ ఒక్క పూట పక్కన పెట్టండి. నిలిచిందని చెప్పండి.”